ఫారిన్‌లో ఎంబీబీఎస్ చదివొస్తే మళ్లీ పరీక్ష ఎందుకు? దీని వెనక వందేళ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఒక పరీక్ష కథ చెప్పుకుందాం. పేరు ఎఫ్‌ఎంజీఈ. బయటి దేశంలో ఎంబీబీఎస్ చదివొచ్చినవాళ్లు ఇక్కడ డాక్టర్‌గా రిజిస్టర్ కావాలంటే ముందు ఇది పాస్ కావాలి.

మంచిర్యాల జిల్లా కాసిపేట నుంచి గోదావరిఖని దాకా బొగ్గుబాయిల ఊళ్లల్లో ఈ పేరు వినే ఉంటారు. నాయిన బాయి మీద పని చేసి దాచిన పైసలు, పైన ఇంకొంత అప్పు. పిల్లనో పిల్లగాన్నో విమానం ఎక్కిస్తారు. ఐదారేళ్లకు డిగ్రీ పట్టుకొని వస్తారు. అప్పుడు చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న: "డాక్టర్ అయినవ్ కదా, మళ్లీ పరీక్ష ఏంది?"

ప్రశ్న న్యాయమైందే. జవాబు మాత్రం పాతది. దానికి ముందు ఒక్క విషయం క్లియర్ చేసుకుందాం. డిగ్రీ వేరు, లైసెన్స్ వేరు. ఇది మన బెల్ట్‌లో వాళ్లకు ఈజీగా అర్థమవుతుంది. కాసిపేట బాయిలో ఓవర్‌మన్‌గా పని చేయాలంటే మైనింగ్ డిప్లొమా ఒక్కటే ఉంటే నడవదు. గనుల భద్రత చూసే డీజీఎంఎస్ ఇచ్చే సర్టిఫికెట్ కూడా ఉండాలి. చదువు వచ్చిందని చెప్పేది కాలేజీ. నీ చేతిలో మనుషుల ప్రాణాలు పెట్టొచ్చు అని చెప్పేది సర్కారు. డాక్టర్ల విషయంలో కూడా ఇదే లెక్క.

ఇప్పుడు ఒక వంద సంవత్సరాలు వెనక్కి పోదాం. యల్లాప్రగడ సుబ్బారావు పేరు వినే ఉంటారు. భీమవరంలో పుట్టిన మన తెలుగాయన. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివారు. స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు వేసుకోవడం సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఆయనకు ఎంబీబీఎస్ ఇవ్వలేదు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ ఇచ్చారు. 1920ల్లో అమెరికా పోయారు. అక్కడ వైద్యం చేసే లైసెన్స్ లేదు. బోస్టన్‌లో ఒక ఆస్పత్రిలో నైట్ పోర్టర్‌గా పని చేసి బతికారు. తర్వాత ఫోలిక్ యాసిడ్ మీద, క్యాన్సర్ మందుల మీద పరిశోధన నడిపించిన సైంటిస్ట్ ఈయనే. తెలివికి కొదవ లేదు. కానీ ఇంకో దేశం గడప దగ్గర చేతిలోని కాగితం పని చేయలేదు.

ఇది ఒక మనిషి కథ. ఇప్పుడు దేశం మొత్తానికి జరిగింది చూడండి. బ్రిటిష్ కాలంలో మన యూనివర్సిటీల మెడికల్ డిగ్రీలకు గుర్తింపు ఇచ్చేది లండన్‌లోని జనరల్ మెడికల్ కౌన్సిల్. ఇండియాలో ప్రసూతి శిక్షణ సరిగ్గా లేదని వాళ్లు 1920ల్లో పేచీ పెట్టారు. ఇన్‌స్పెక్టర్లను పంపుతామన్నారు. ఇక్కడివాళ్లు ఒప్పుకోలేదు. గొడవ ముదిరి 1930లో మన డిగ్రీలకు గుర్తింపు తీసేశారు. దానికి జవాబుగానే 1933లో ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టం వచ్చింది. అంటే మన డాక్టర్ల డిగ్రీలకు గ్యారంటీ ఇచ్చే సంస్థ పుట్టిందే మన డిగ్రీని బయటోడు నమ్మనన్నందుకు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1956లో కొత్త చట్టం చేశారు. అందులో ఒక పద్ధతి ఉంది. మీరు మా డిగ్రీని ఒప్పుకుంటే మేం మీ డిగ్రీని ఒప్పుకుంటాం అని. విదేశీ డిగ్రీల లిస్టు చట్టంలోనే పెట్టారు. అదే టైమ్‌లో అమెరికా బయటి డాక్టర్ల కోసం ఈసీఎఫ్‌ఎంజీ అనే సంస్థ పెట్టి 1958లో పరీక్ష మొదలుపెట్టింది. 1975లో బ్రిటన్ కూడా మన డిగ్రీలకు గుర్తింపు తీసేసి, బయటి దేశాల డాక్టర్లకు పరీక్ష పెట్టింది. ఇప్పుడు మనం ప్లాబ్ అంటున్న పరీక్షకు మూలం అదే. అప్పటికే వాళ్ల ఆస్పత్రుల్లో వేలమంది మన డాక్టర్లు డ్యూటీలు చేస్తున్నారు. అయినా పరీక్ష తప్పలేదు.

మరి మన గేటు ఎప్పుడు పడింది? 1991లో సోవియట్ యూనియన్ కూలింది. అక్కడి యూనివర్సిటీలకు డబ్బులు కావాలి. మన దగ్గర డాక్టర్ కావాలనే పిల్లలు ఎక్కువ, సీట్లు తక్కువ. మధ్యలోకి ఏజెంట్లు వచ్చారు. ఇక్కడ మెడిసిన్‌లో చేరే అర్హత లేనివాళ్లను కూడా కొందరు పంపించారు. చదువు మధ్యలో ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారినవాళ్లు ఉన్నారు. వాళ్లు తిరిగొచ్చాక మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఆపింది. కేసులు సుప్రీంకోర్టు దాకా పోయాయి. 2001లో చట్టం మార్చి స్క్రీనింగ్ టెస్ట్ పెట్టారు. 2002 మార్చిలో రష్యా నుంచి వచ్చిన డాక్టర్ల సంఘం కేసులో సుప్రీంకోర్టు కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలను ఆమోదించింది. ఆ ఏడాది నుంచే పరీక్ష నడుస్తోంది.

పరీక్ష లెక్క సింపుల్‌గానే కనిపిస్తుంది. 300 ప్రశ్నలు. 150 వస్తే పాస్. నెగెటివ్ మార్కులు లేవు. ఏడాదికి రెండుసార్లు పెడతారు. కానీ రిజల్ట్ చూడండి. 2015 నుంచి 2018 దాకా 61,000 మందికి పైగా రాస్తే పాసైంది 8,700 పైచిలుకు. వందలో 14 మంది. తర్వాత కొంచెం పెరిగినా, 2023 జూన్‌లో మళ్లీ 10 శాతం దగ్గరికి పడిపోయింది.

ఈ నంబర్ చూసి కొందరు "బయట చదివినోళ్లకు ఏం రాదు" అంటారు. ఇంకొందరు "కావాలనే ఫెయిల్ చేస్తున్నరు" అంటారు. నా లెక్కలో రెండూ తొందరపాటు మాటలే. పరీక్ష పెట్టడం తప్పు కాదు. రోగికి డాక్టర్ ఏ దేశంలో చదివిండో చూసే వీలుండదు, ఎవరో ఒకరు ముందే చూసి పెట్టాలి. మరి తప్పు ఎక్కడుంది? చెక్ చేసే చోట ఉంది. ఆరేళ్లు గడిచి, అప్పంతా అయిపోయాక, చివర్లో తూకం వేస్తే తేడా మొత్తం ఆ ఇంటి మీదే పడుతుంది. ఏజెంట్ కమీషన్ ఏజెంట్‌కు ముట్టింది. యూనివర్సిటీ ఫీజు యూనివర్సిటీకి పోయింది. మిగిలింది పిల్లలు, కోచింగ్ సెంటర్, నాయిన పీఎఫ్.

సర్కారుకు కూడా ఈ సంగతి నెమ్మదిగా అర్థమైంది. 2018లో రూల్ మార్చి, బయట చదవాలన్నా నీట్ పాస్ కావాలన్నారు. 2020లో పాత కౌన్సిల్ పోయి నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చింది. 2021 నవంబర్‌లో ఆ కమిషన్ గట్టి రూల్స్ తెచ్చింది. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. ఇంగ్లిష్ మీడియం కావాలి. అక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్, ఇక్కడ ఇంకో ఏడాది. చదివిన దేశంలో అక్కడివాళ్లతో సమానంగా ప్రాక్టీస్ చేసే అర్హత కూడా రావాలి. చెకింగ్ చివరి గేటు నుంచి మొదటి గేటుకు జరుగుతోందన్నమాట.

ఇంతలో కోవిడ్ వచ్చింది. చైనాలో చదివేవాళ్లు రెండేళ్లు ఇంట్లో కూర్చొని ఫోన్‌లో క్లాసులు విన్నారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం. వేలమంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని తిరిగొచ్చారు. ఫోన్‌లో చూసి కాన్పు చేయడం నేర్చుకోలేరు కదా. అందుకే చివరి ఏడాదిలో తిరిగొచ్చి డిగ్రీ పూర్తి చేసినవాళ్లకు ఇక్కడ ఇంటర్న్‌షిప్ రెండేళ్లు చేశారు. పిల్లలకు అది శిక్షలాగే అనిపించింది. యుద్ధం వాళ్లు తెచ్చింది కాదు మరి.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ వచ్చేదాకా పాత ఆదిలాబాద్ జిల్లా మొత్తంలో ఒక్క మెడికల్ కాలేజీ లేదు. కాసిపేట పిల్లలకు కొంచెం దగ్గరున్న సర్కారు కాలేజీ అంటే వరంగల్. 2022లో మంచిర్యాలలో, రామగుండంలో మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. సోవియట్ కూలిన ముప్పై ఏళ్ల తర్వాత! ఈ గ్యాప్‌లోనే ఏజెంట్లు బతికారు. దగ్గర్లో సీటు ఉంటే ఇంత దూరం ఎంతమంది పోయేవాళ్లు?

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పరీక్ష పాస్ కాకముందే చిన్న నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టర్‌గా చేయమని ఎవరన్నా అడిగితే ఒప్పుకోవద్దు. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే 2019 చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా ఫైన్, లేదా రెండూ. కేసు అయితే ఆరేళ్ల చదువు కూడా దెబ్బతింటుంది.

1930లో లండన్ మన డిగ్రీని కాదన్నప్పుడు మనవాళ్లు అవమానం అని ఊరుకోలేదు. సొంతంగా కొలత పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ కొలత మన పిల్లల మీదే పడుతోంది. కొలత ఉండాల్సిందే. కానీ దాని సంగతి విమానం ఎక్కకముందే ఇంటికి తెలియాలి. కాబట్టి మీ ఇంట్లో గానీ మీ వాడలో గానీ ఎవరన్నా బయటికి పోవాలని చూస్తుంటే, ఏజెంట్‌ను ఫీజు ఎంత అని అడిగే ముందు మూడు ప్రశ్నలు అడగమనండి. కోర్సు ఎన్ని నెలలు? ఇంటర్న్‌షిప్ అక్కడే ఇస్తారా? అది చదివితే ఆ దేశంలో లైసెన్స్ వస్తుందా? జవాబు నోటితో కాదు, కాగితం మీద తీసుకోమనండి. ఆ కాగితాన్ని కమిషన్ రూల్స్ పక్కన పెట్టి చూశాకే బ్యాంకుకు పొమ్మనండి.