ఇటుక చిమ్నీ నుంచి ప్లాస్టిక్ గొట్టం దాకా: బ్రిటన్ ఇళ్లలో బాయిలర్ ఫ్లూ చరిత్ర

బ్రిటన్‌లో ఇళ్లను వెచ్చబరిచే కండెన్సింగ్ బాయిలర్‌కు పాతకాలపు చిమ్నీతో పనిలేదు. వంటింటి గోడకు బిగించిన తెల్లని పెట్టె, దాని నెత్తి నుంచి గోడలోగుండా బయటికి పోయే 100 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టం, అంతే. ఆ గొట్టాన్నే ఫ్లూ అంటారు. దాన్ని ఎలా బిగించాలో, ఎలా పరీక్షించాలో చెప్పే నియమాలన్నీ ఒక్కసారిగా పుట్టలేదు. పొగ కంటికి కనబడకుండా పోయినకొద్దీ, పొగలోని నీటి విషయంలో ఆలోచన మారినకొద్దీ అవి ఒక్కొక్కటిగా వచ్చాయి. కొన్ని ప్రాణాలు పోయాకే వచ్చాయి.

బొగ్గు కాలే రోజుల్లో ఇంగ్లండులో ఇంటికి ఎన్ని పొయ్యిలుంటే అంత సంపద అనుకునేవారు. 1662లో ప్రభుత్వం పొయ్యిల మీద పన్ను కూడా వేసింది, 1689లో ఎత్తేసింది. వేడిగాలి తేలికై పైకి లేస్తుందన్న ఒక్క సూత్రం మీదే చిమ్నీ పనిచేస్తుంది. లోపల మసి పేరుకుంటే ఆ లాగుడు తగ్గి పొగ గదిలోకి తిరుగుతుంది. అందుకే మసి దులపడం పెద్ద వృత్తి అయింది. ఇరుకు గొట్టాల్లోకి చిన్న పిల్లలను ఎక్కించేవారు. చిమ్నీ శుభ్రం చేసేవారికి వచ్చే ఒక రకం క్యాన్సర్‌కు మసే కారణమని లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1775లో రాశాడు. అయినా పిల్లలను ఎక్కించే పద్ధతి నిజంగా ఆగిపోవడానికి 1875 నాటి చట్టం దాకా, అంటే మరో వందేళ్లు పట్టింది. పొయ్యి గొంతు భాగాన్ని సన్నం చేస్తే పొగ బాగా లాగుతుందని కౌంట్ రమ్‌ఫర్డ్ 1796లో చూపించాడు. ఆ కాలపు చిమ్నీలో ఎన్ని బాధలున్నా ఒక మేలుండేది. అది చెడితే వెంటనే తెలిసేది. కళ్లు మండేవి, గోడలు నల్లబడేవి.

బొగ్గు నుంచి తీసిన గ్యాసు ఇళ్లలోకి వచ్చాక ఆ హెచ్చరిక పలచబడింది. ఈ టౌన్ గ్యాసులోనే కార్బన్ మోనాక్సైడ్ ఉండేది. రంగు, వాసన లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1890లలో దీన్ని తానే పీల్చి, శరీరం మీద ప్రభావాన్ని నమోదు చేశాడు. గనుల్లోకి కెనరీ పిట్టలను తీసుకుపోవాలన్న సలహా కూడా ఆయనదే. మనిషి కంటే ముందు పిట్ట సొమ్మసిల్లుతుంది కాబట్టి తప్పించుకునే వ్యవధి దొరికేది. బ్రిటన్ గనుల్లో 1986 దాకా ఈ పిట్టలు పనిచేశాయి. ఆ తర్వాత వాటి చోటును ఎలక్ట్రానిక్ పరికరాలు తీసుకున్నాయి. ఫ్లూ పరీక్షల చరిత్ర కూడా సరిగ్గా ఈ దారినే నడిచింది.

1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మిన పొగమంచు వేల ప్రాణాలు తీసింది. దాని ఫలితంగా 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. పొగ రాని ఇంధనాలే వాడాలన్న ప్రాంతాలు ఏర్పడటంతో జనం బొగ్గు పొయ్యి వదిలి గ్యాసు వైపు, కరెంటు వైపు మళ్లారు. అయితే గ్యాసు పొయ్యిని, గ్యాసు బాయిలర్‌ను పాత ఇటుక చిమ్నీకే తగిలించారు. అక్కడే నీటి సమస్య మొదలైంది. గ్యాసులోని హైడ్రోజన్ కాలితే నీటి ఆవిరి పుడుతుంది. ఒక ఘనపు మీటరు మీథేన్ కాలితే సుమారు ఒకటిన్నర లీటర్ల నీరు తయారవుతుంది. చల్లని పెద్ద చిమ్నీలో ఆ ఆవిరి గోడలకు పట్టి నీరై, పాత మసిని, గంధకపు లవణాలను కరిగించుకుని సున్నంలోకి ఇంకేది. పై అంతస్తు పడకగది గోడ మీద గోధుమరంగు మరకలు అలా వచ్చినవే. అందువల్ల కొత్తగా కట్టే చిమ్నీల లోపల మట్టి గొట్టాల వరుస ఉండాలని 1960ల నాటి భవన నిబంధనలు కోరాయి. పాత వాటిలోకి వంగే స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు దింపారు. పొగ బయటపడేదాకా వేడిగానే ఉండాలి, నీరు కాకూడదు అన్నది ఆ తరం పనివాళ్ల మొదటి పాఠం. పరీక్ష కూడా కంటితోనే జరిగేది. బాయిలర్ వెలిగించి, తలుపులు, కిటికీలు మూసి, పొగ వచ్చే ప్రత్యేకమైన అగ్గిపుల్లను గొట్టం మొదట్లో ఉండే గాలి సందు దగ్గర పట్టుకునేవారు. ఆ పొగ లోపలికి లాగితే ఫ్లూ బాగున్నట్టు, గదిలోకి తిరిగితే బాయిలర్ ఆపేయాల్సిందే.

బాలెన్స్‌డ్ ఫ్లూ ఈ వరసను మార్చింది. మంటకు కావలసిన గాలిని గది నుంచి కాకుండా బయటి నుంచే తెచ్చుకోవడం, కాలిన వాయువులను కూడా అదే చోట వదలడం దీని పద్ధతి. రెండు ద్వారాల మీదా గాలి ఒత్తిడి ఒకేలా పడుతుంది కాబట్టి ఎంత ఈదురుగాలి వీచినా మంట చెదరదు. పెట్టె మొత్తం గదితో సంబంధం లేకుండా మూసి ఉంటుంది. గ్యాసు ఉపకరణాల భద్రతలో ఇంతకంటే పెద్ద మెరుగుదల మరొకటి లేదనే చెప్పాలి. స్నానాల గదిలో ఇలాంటి మూసిన ఉపకరణం తప్ప వేరేది పెట్టకూడదని 1998 నాటి బ్రిటన్ గ్యాస్ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. ఫ్లూ లేని గ్యాస్ గీజర్‌ను గాలి ఆడని బాత్‌రూములో బిగించి ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు మన పట్టణాల్లోనూ జరిగాయి. ఆ నిబంధన ఎంత అవసరమో అర్థం కావడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

1960లలోనే ఉత్తర సముద్రంలో సహజవాయువు దొరికింది. 1967 నుంచి 1977 దాకా పదేళ్లపాటు దేశమంతటా ఇంటింటికీ వెళ్లి పొయ్యిల బర్నర్లను కొత్త గ్యాసుకు మార్చారు. సహజవాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉండదు. దాంతో గ్యాసు ఇక విషం కాదన్న ధీమా పెరిగింది. కానీ గాలి చాలక అరకొరగా కాలిన ఏ గ్యాసైనా ఆ విషాన్నే పుట్టిస్తుంది. 1968 మే 16న తూర్పు లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో గ్యాసు లీకై పేలుడు జరిగింది. భవనం ఒక మూల మొత్తం కూలి నలుగురు చనిపోయారు. అది ఫ్లూ ప్రమాదం కాకపోయినా గ్యాసు పని ఎవరు చేయాలి అన్న ప్రశ్నను దేశం ముందు పెట్టింది. 1970లో గ్యాస్ పనివాళ్లను నమోదు చేసే కోర్గీ సంస్థ ఏర్పడింది. 1991లో ఆ నమోదు తప్పనిసరైంది. 2009 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో గ్యాస్ సేఫ్ రిజిస్టర్ నడుస్తోంది.

నీటి మీద ఆలోచన తిరగబడింది 1973 చమురు సంక్షోభం తర్వాతే. ఫ్లూలోకి ఆవిరిగా పోతున్న నీరు తనతో పాటు గ్యాసు వేడిలో పదో వంతు దాకా మోసుకుపోతోంది. ఆ ఆవిరిని బాయిలర్ లోపలే చల్లార్చి నీరు చేస్తే ఆ గుప్తోష్ణం ఇంటికి దక్కుతుంది. గ్రోనింగన్ గ్యాసు క్షేత్రం ఉన్న నెదర్లాండ్స్ ఈ దారిలో ముందు నడిచింది. అక్కడి నెఫిట్ కంపెనీ 1981లో ఇళ్లకు వాడే కండెన్సింగ్ బాయిలర్‌ను అమ్మకానికి తెచ్చింది. ఇల్లంతా తిరిగి బాయిలర్‌కు వచ్చే నీరు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే ఆవిరి బాగా నీరవుతుంది. అందుకే నీటిని మరీ ఎక్కువగా వేడి చేసి నడిపితే ఈ బాయిలర్ కూడా పాతదానిలాగే ప్రవర్తిస్తుంది. ఇంగ్లండు, వేల్స్‌లలో 2005 ఏప్రిల్ నుంచి కొన్ని మినహాయింపులతో ఇళ్లలో బిగించే కొత్త గ్యాసు బాయిలర్లన్నీ కండెన్సింగ్ రకమే కావాలని నిబంధన వచ్చింది. చమురు బాయిలర్లకు అదే షరతు 2007లో వర్తించింది.

దీనితో ఫ్లూ స్వభావమే మారిపోయింది. బయటికి వచ్చే వాయువులు చల్లగా, తడిగా ఉంటాయి కాబట్టి వాటంతట అవి పైకి లేవవు. ఫ్యాను నెట్టాలి. అంత వేడి లేదు కాబట్టి లోహానికి బదులు పాలిప్రొపిలీన్ ప్లాస్టిక్ సరిపోతుంది. సాధారణంగా 60 మిల్లీమీటర్ల లోపలి గొట్టంలో పొగ పోతుంది, దాని చుట్టూ ఉన్న 100 మిల్లీమీటర్ల గొట్టంలోని ఖాళీలోంచి గాలి వస్తుంది. ఫ్యాను ఒత్తిడి వల్ల ఏ అతుకు వదులైనా విషవాయువు బయటికి తోసుకొస్తుంది. పాత చిమ్నీలో లాగుడు ఉండేది, ఇక్కడ ఉన్నది తోపుడు. బిగించే పనిలోని ప్రతి జాగ్రత్తా ఈ తేడాలోంచే వచ్చింది. గొట్టాన్ని వంకర లేకుండా కోయాలి. కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేయాలి, లేకపోతే ఆ గరుకు రబ్బరు వాషరును చీరేస్తుంది. వాషరు తన గాడిలోనే ఉందో లేదో చూసి, తయారీదారు చెప్పిన కందెన పూసి, గొట్టాన్ని చివరంటా దించాలి. పొడవాటి ఫ్లూకు తయారీదారు చెప్పిన దూరంలో క్లాంపులు వేయాలి, బరువు అతుకుల మీద పడకూడదు. గొట్టంలో చేరే నీరు బాయిలర్ వైపే జారేలా సుమారు 3 డిగ్రీల వాలు, అంటే మీటరుకు 50 మిల్లీమీటర్ల దాకా ఇస్తారు. వేర్వేరు కంపెనీల గొట్టాలను కలిపి అతికించడం నిషిద్ధం. బాయిలర్‌నూ ఫ్లూనూ కలిపి ఒకటిగా పరీక్షించి ఆమోదిస్తారు కాబట్టి ముక్కలు మారితే ఆ ఆమోదం చెల్లదు.

జారి వచ్చిన నీరు కొంచెం ఆమ్లంగా ఉంటుంది. రాగి గొట్టాన్ని తినేస్తుంది కనుక ప్లాస్టిక్ గొట్టంలోనే మురుగులోకి పంపాలి. బాయిలర్ అడుగున వంపు తిరిగిన ట్రాప్ ఉంటుంది. అందులో నిలిచిన నీరే పొగ ఇంట్లోకి రాకుండా ఆపే అడ్డు. కొత్త బాయిలర్‌ను వెలిగించే ముందు ఆ ట్రాప్‌ను నీటితో నింపడం మరిచిపోతే మిగతా జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా ఫలితం లేదు. 2010 డిసెంబరు చలికి బ్రిటన్‌లో ఇంటి బయట వేసిన సన్నని నీటి గొట్టాలు గడ్డకట్టి ఎన్నో బాయిలర్లు ఆగిపోయాయి. బయట వేసే గొట్టం వీలైనంత పొట్టిగా, 30 మిల్లీమీటర్లకు తగ్గకుండా, పైన ఇన్సులేషన్ చుట్టి ఉండాలన్న సలహా ఆ తర్వాతే బలపడింది.

ఫ్యాను వచ్చాక బాయిలర్ బయటి గోడకే ఉండనక్కరలేకపోయింది. 2000ల తొలి సంవత్సరాల్లో కట్టిన అపార్టుమెంట్లలో బాయిలర్‌ను ఫ్లాటు మధ్యలో ఒక అలమరలో పెట్టి, ఫ్లూను సీలింగుకూ పై శ్లాబుకూ మధ్య ఉన్న ఖాళీలోంచి మీటర్ల పొడవున బయటికి తీసుకుపోయారు. సీలింగు మూసేశాక ఆ అతుకులను ఎవరూ చూడలేరు. 2008 ఫిబ్రవరిలో తూర్పు లండన్‌లోని బో ప్రాంతంలో ఒక ఫ్లాటులో సీలింగు పైన గొట్టం విడిపోయి ఉండటంతో ఒక యువతి కార్బన్ మోనాక్సైడ్ వల్ల చనిపోయింది, మరొకరు తీవ్రంగా గాయపడ్డారు. ప్రభుత్వ భద్రతా విభాగం హెచ్చరిక జారీ చేసింది. 2010 నాటి భవన మార్గదర్శకం ప్రకారం ఇలాంటి ఫ్లూ దారిలో కనీసం 300 మిల్లీమీటర్ల చదరపు తనిఖీ తలుపులు ఉండాలి. ఏ అతుకూ దగ్గరి తలుపు అంచు నుంచి 1.5 మీటర్లకు మించి దూరంగా ఉండకూడదు. తలుపులు లేని పాత ఇళ్లకు 2012 ఆఖరు దాకా గడువిచ్చారు.

కంటితో చూడటం ఇంకా మొదటి పరీక్షే, కానీ అది చాలదు. అగ్గిపుల్ల పొగ చేసే పనిని ఇప్పుడు ఫ్లూ గ్యాస్ ఎనలైజర్ చేస్తుంది. కండెన్సింగ్ బాయిలర్‌ను మొదటిసారి నడిపేటప్పుడు దీనితో కొలవడం 2014 నుంచి తప్పనిసరి పద్ధతిగా మారింది. పరికరాన్ని ముందు బయటి స్వచ్ఛమైన గాలిలో సున్నాకు సరిచేస్తారు. తర్వాత గొట్టాల మధ్య గాలి వచ్చే దారిలో నమూనా తీస్తారు. అక్కడ ఆక్సిజన్ 20.6 శాతానికి తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడ్ 0.2 శాతానికి మించకూడదు. తగ్గినా, మించినా లోపలి గొట్టంలో ఎక్కడో పొగ గాలిలోకి కారుతోందని అర్థం. మూసిన గొట్టం లోపలి సంగతి గోడ పగలగొట్టకుండా చెప్పే ఈ చిన్న ఉపాయం ఈ వృత్తికి దొరికిన గొప్ప సాధనాల్లో ఒకటి. ఆపైన మంట అత్యధిక స్థాయిలోనూ, అత్యల్ప స్థాయిలోనూ కాలిన వాయువును కొలుస్తారు. కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల భాగాల్లో 350కి లోపు, కార్బన్ డయాక్సైడ్‌తో దాని నిష్పత్తి 0.004కి లోపు ఉండాలి. ఈ అంకెలు రాకపోతే బాయిలర్‌ను యజమానికి అప్పగించరు.

గొట్టం బయట తెరుచుకునే చోటుకూ కొలతలున్నాయి. తెరిచే కిటికీకి 300 మిల్లీమీటర్లు, ఎదుటి ఫ్లూకు 1,200 మిల్లీమీటర్ల దూరం సాధారణ నియమం. కండెన్సింగ్ బాయిలర్ వదిలే తెల్లని ఆవిరి పొరుగువారి కిటికీకి కొట్టకుండా గొట్టాన్ని పైకి మళ్లించే అదనపు ముక్కలు కూడా తయారయ్యాయి.

అద్దె ఇళ్లలో ఏడాదికోసారి నమోదైన ఇంజనీరుతో తనిఖీ చేయించి ఆ కాగితం అద్దెదారుకు ఇవ్వడం ఇంటి యజమాని బాధ్యత. ఉద్యోగాల మీద వెళ్లి అక్కడ అద్దెకుండే తెలుగు కుటుంబాలు కూడా అడిగి తీసుకోవలసిన కాగితం అది. ఇంగ్లండులో 2022 అక్టోబరు 1 నుంచి వంటపొయ్యి తప్ప స్థిరంగా బిగించిన ఏ గ్యాసు ఉపకరణం ఉన్న గదిలోనైనా యజమాని కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాలి. సీలింగు పైన దాగి, తనిఖీ తలుపు లేని ఫ్లూ ఎదురైతే అలారం ఉన్నా సరే, ఇంజనీరు దాన్ని ప్రమాదావకాశం ఉన్నదిగా నమోదు చేసి, ఇంటివారి అనుమతితో బాయిలర్‌ను ఆపివేస్తాడు. తలుపులు కోసి ప్రతి అతుకూ చూశాకే అది మళ్లీ వెలుగుతుంది.