విధికుడి పలక, మా పిల్లగాని లోగో

ఈ ఆదివారం గడీల చరిత్ర రెండో భాగం రాస్తానని మాటిచ్చాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. మొన్న ఏప్రిల్‌లో మా గోదావరిఖనిలో జరిగిన ఒక చిన్న సంగతి ఇంకా గుచ్చుతూనే ఉంది. తప్పు నాది కూడా కాబట్టి ముందు అదే చెప్పాలె.

జయంతికి పదిహేను రోజుల ముందు మా కమిటీ కూర్చుంది. మనకొక లోగో ఉంటే బాగుంటదని ఎవరో అన్నారు. నిజమే, చౌరస్తాలో కట్టే ఫ్లెక్సీ మీద, పిల్లల టీషర్టుల మీద, రసీదు పుస్తకం మీద ఒక గుర్తు ఉండాలె. పైసలెక్కడివి? వచ్చిన చందాలు టెంటుకు, మైకుకు, భోజనాలకే చాలవు. అప్పుడు ఉపాయం చెప్పింది నేనే. వాట్సప్‌లో లోగో పోటీ పెడదాం, గెలిచినోళ్లకు షీల్డు, శాలువా, స్టేజి మీద సన్మానం. అందరూ చప్పట్లు కొట్టారు. వారంలో 31 బొమ్మలు వచ్చాయి. అందులో ఒకటి అందరికీ నచ్చింది. నీలి రంగు వలయం, తెరిచిన పుస్తకం, దాని మీద సూర్యుడి లాగా వెలుగుతున్న బాయి టోపీ లైటు. గీసింది మా కాలేజీలో డిగ్రీ చదివిపోయిన పిల్లవాడే. పేరు రాయను.

జయంతి అయిన నాలుగు రోజులకు ఒక మిత్రుడు నాకు ఫోటో పంపాడు. వేరే రాష్ట్రంలో ఏదో విద్యాసంస్థ గుర్తు. అదే వలయం, అదే పుస్తకం, అదే సూర్యుడు. మా వాడు సూర్యుడిని తీసి టోపీ లైటు పెట్టాడు, అంతే తేడా. నాకు తల కొట్టేసినట్టయింది. పిల్లవాణ్ణి పిలిచి గట్టిగానే అడిగాను. బాబాసాహెబ్ పేరు మీద కాపీ కొడతావురా అన్నాను.

వాడు తల వంచుకోలేదు. "సార్, మీరు పైసలియ్యలే. నేను గంట సేపు పెట్టిన. ఉట్టిగ అడిగినోళ్లకు గంటల ఏమొస్తదో అదే ఇచ్చిన" అన్నాడు.

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాణ్ణి. వెట్టి మీద వచ్చిన కథలు, పాటలు, నవలలు క్లాసులో గంటలు గంటలు చెప్పినవాణ్ణి. వాడి మాటకు నా దగ్గర జవాబు లేదు.

వాళ్ల నాయిన పెయింటర్. ఖనిలో పాతవాళ్లకు ఆ చేతిరాత గుర్తుండే ఉంటది. దుకాణాల బోర్డులు, బాయి దారిలో గోడల మీద రక్షణ నినాదాలు, యూనియన్ గుర్తులు, అన్నీ ఆయన కుంచే. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘానికి రహస్య బ్యాలెట్ ఎన్నికలు మొదలైనంక ప్రతిసారీ ఖని గోడలన్నీ రంగులయ్యేవి. ఒక్క మాట గమనించండి. పెయింటర్ ఎంత చిన్న బోర్డు రాసినా కింద మూలకు తన పేరు, ఊరు, ఫోను నంబరు రాసుకునేవాడు. ఆ బోర్డు ఉన్నన్నాళ్లూ ఆ పేరూ ఉండేది. ఫ్లెక్సీ వచ్చి ఆ మూలను మింగేసింది. లోగోకైతే మూల అన్నదే లేదు, గీసినవాడు ఎక్కడ రాసుకోవాలె?

కొడుకు కంప్యూటర్ మీద గీయడం నేర్చుకున్నాడు. 2016లో జియో వచ్చినంక వీడియోలు చూసే నేర్చుకున్నాడు. నేర్చుకుని ఆన్‌లైన్ లోగో పోటీల్లోకి దిగాడు. దీని చరిత్ర కొంచెం చెప్పాలె. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో సైట్‌పాయింట్ అనే చోట వెబ్ పని చేసేవాళ్లు సరదాకు డిజైన్ పందేలు పెట్టుకునేవారు. ఆ సరదాలో వ్యాపారం కనిపించి 2008లో 99డిజైన్స్ అనే కంపెనీగా వేరుపడింది. అదే ఏడు అమెరికాలో క్రౌడ్‌స్ప్రింగ్ వచ్చింది. పద్ధతి సులువు. ఎక్కడో ఒక హోటల్ ఆసామి నాకు లోగో కావాలె అని బహుమతి ప్రకటిస్తాడు. ఇండోనేషియా నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి, పాకిస్తాన్ నుంచి, మన ఖని నుంచి పదుల మంది, ఒక్కోసారి వందల మంది గీసి పంపుతారు. ఆయన ఒకటి ఏరుకుంటాడు. ఆ ఒక్కరికి డబ్బు, కంపెనీకి దాని వాటా. మిగతావాళ్లకు ఏమీ లేదు.

మా నాయిన కోల్ ఫిల్లర్. తట్టతో బొగ్గు ఎత్తి టబ్బు నింపితేనే కూలి. ఆ పని ఎంత కష్టమో, ఊపిరితిత్తులను ఏం చేసేదో నాకు తెలుసు, దాన్ని పొగడను. కానీ ఆయన నింపిన టబ్బుకు లెక్క ఉండేది. ఎన్ని టబ్బులు నింపితే అన్ని టబ్బుల పైసలు. నలభై మంది నలభై టబ్బులు నింపితే అందులో నచ్చిన ఒక్క టబ్బుకే కూలి ఇస్తాం, మిగతా బొగ్గు మీ ఇష్టం అని ఏ మేనేజరైనా అని ఉంటే ఆ రోజే బాయి బందయ్యేది.

దీన్ని వెట్టి అనొచ్చా? నేనే నాతో వాదించుకున్నాను. నిజాం కాలపు తెలంగాణలో మాదిగ చెప్పులు కుట్టి ఇచ్చినా, బాయి మోటకు తోలు సంచి కట్టి ఇచ్చినా, దొరకు అది హక్కు. కాదంటే దెబ్బలు. ఇక్కడ ఎవరూ కొట్టరు. ఇష్టముంటే గీయి, లేకుంటే మానెయ్యి. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. దాన్ని ఈ పోటీలకు తగిలించలేం. కాకపోతే వేరే తలుపులన్నీ మూసి ఉన్నవాడికి తెరిచి ఉన్న ఒక్క తలుపును చూపి నీ ఇష్టం అంటే, ఆ ఇష్టం ఎంతవరకు ఇష్టం?

ఇంకో పక్క కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. వాడు నాతో అన్న మాట ఇది: "అక్కడ ఎవ్వడు నా ఇంటిపేరు అడగలే సార్." హైదరాబాద్‌లో ఒక డిజైన్ ఆఫీసుకు ఇంటర్వ్యూకు పోతే ఊరేది, వాడ ఏది, నాయిన ఏం చేస్తడు అని అడిగారట. పోటీలో ఏదో ఒక మారు పేరు, దాని పక్కన బొమ్మ, అంతే. మూడేళ్లలో తొమ్మిది గెలిచాడు. ఎన్నింటికి గీశావు అంటే నాలుగు వందలు దాటినంక లెక్కపెట్టుడు మానేసిన అన్నాడు. ఆ తొమ్మిది గెలుపుల డబ్బుతోనే చెల్లె ఫీజు కట్టాడు. పోటీ వాణ్ణి దోచింది, అదే పోటీ వాడి కులం అడగకుండా తొమ్మిదిసార్లు గెలిపించింది. రెండూ నిజమే.

సర్కారు కూడా ఈ దారే పట్టింది. రూపాయి గుర్తు కోసం కేంద్ర ఆర్థిక శాఖ 2009లో పోటీ పెట్టింది. మూడు వేల పైచిలుకు వచ్చాయి. 2010 జూలై 15న డి.ఉదయకుమార్ గీసింది ఎంపికైంది. ఆయనకు రెండున్నర లక్షలు. దేశం మొత్తం రోజూ రాసే అక్షరం, ప్రతి నోటు మీద ఉండే అక్షరం, రెండున్నర లక్షలు! 2014లో స్వచ్ఛ భారత్ లోగోకు పోటీ పెట్టారు. కొల్హాపూర్‌కు చెందిన అనంత్ ఖస్బర్దార్ గీసిన గాంధీ కళ్లద్దాలు గెలిచాయి. బహుమతి 50 వేలు. ఆయనను తప్పుపట్టడం లేదు, అడిగినదానికి చక్కగా గీశాడు. నా బాధ వేరు. ఊరిని ఊడ్చేవాళ్లు ఎవరు, మ్యాన్‌హోల్‌లో దిగి చచ్చేవాళ్లు ఎవరు? ఆ లోగోలో కళ్లద్దాలు ఉన్నాయి, చీపురు పట్టిన చెయ్యి లేదు. కోలార్ బంగారు గనుల కాలనీలో పాకీ పనివాళ్ల ఇంట్లో పుట్టిన మన బెజవాడ విల్సన్ 2015 డిసెంబర్‌లో దిబ్రూగఢ్ నుంచి భీమ్ యాత్ర తీసి, 125 రోజులు తిరిగి, జయంతి ముందు రోజు ఢిల్లీ చేరాడు. మమ్మల్ని చంపొద్దు అని అడగడానికి ఆయన లోగో పోటీ ఏదీ పెట్టలేదు.

ఇప్పుడు కాపీ సంగతి. వంద బొమ్మల్లో తొంభైతొమ్మిదికి కూలి లేనప్పుడు మనిషి ఏం చేస్తాడు? తొందర పడతాడు. పాత బొమ్మను కొంచెం వంచుతాడు, రంగు మారుస్తాడు, గెలిచినవాళ్ల దారి చూసి గీస్తాడు. డబ్బున్న చోట కాపీ ఉండదని కాదు నేను చెప్పేది. 2015 జూలైలో టోక్యో ఒలింపిక్స్ వాళ్లు కెంజిరో సానో గీసిన గుర్తును ఆర్భాటంగా విడుదల చేశారు. బెల్జియంలోని లీజ్ నగరపు నాటకశాల లోగో గీసిన ఒలివియే దెబీ అది తనదే అన్నాడు. సానో కాదన్నాడు. అయినా సెప్టెంబర్ 1న గుర్తును వెనక్కి తీసుకున్నారు. తర్వాత అందరికీ పోటీ తెరిస్తే 14,599 వచ్చాయి. 2016 ఏప్రిల్‌లో అసావో తొకోలో గళ్ల బొమ్మ ఎంపికైంది. మిగతా 14,598 మంది రాత్రుళ్ల లెక్క ఎక్కడా రాసి లేదు.

వలయం, పుస్తకం, సూర్యుడు, దీపం, చెయ్యి. ఇవి ఎవరి సొంతం? ఎవరివీ కావు. నీలి రంగు మనందరిది. ఏనుగు 1952 ఎన్నికల్లో బాబాసాహెబ్ షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ గుర్తు, తర్వాత కాన్షీరాం సాబ్ పార్టీకి వచ్చింది. దాన్ని ఎవరూ దొంగతనం అనలేదు, వారసత్వం అన్నాం. మరి మా పిల్లవాడు చేసింది తప్పెట్లా అయింది? నేను ఆలోచించింది ఇది: గుర్తు ఉమ్మడిది కావచ్చు, ఆ గీత గీసిన శ్రమ ఒకరిది. వాడు పుస్తకాన్నో సూర్యుడినో తీసుకుంటే తప్పులేదు. వేరే ఎవరో కూర్చి గీసిన గీతను గీత లాగే ఎత్తుకొచ్చాడు. ఆ గీసినవాడు కూడా మన లాంటి వాడే కావచ్చు, వాడికీ పైసలు రాకపోయి ఉండవచ్చు.

ఇప్పుడు ఆ పోటీల బజారే పడిపోయింది. 99డిజైన్స్‌ను 2020లో విస్టాప్రింట్ కొనుక్కుంది. కాన్వాలో రెడీమేడ్ అచ్చులున్నాయి. 2022 నుంచి మాట చెప్తే బొమ్మ గీసే యంత్రాలు వచ్చాయి. హోటల్ ఆసామికి నలభై మందితో పని లేదు, నాలుగు వాక్యాలు టైపు చేస్తే నలభై బొమ్మలు. ఆ యంత్రాలు నేర్చుకున్నది నెట్‌లో ఎవరెవరో పెట్టిన కోట్ల బొమ్మల నుంచి. కూలి రాని బొమ్మలు కూడా అక్కడే ఉన్నాయి కదా. పోటీలో ఓడిన బొమ్మకు అప్పుడు ధర లేదు, ఇప్పుడు అదే యంత్రానికి మేత. మా వాడు ఇప్పుడు ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పనికి పోతున్నాడు.

మన రాష్ట్ర చిహ్నం కథ కూడా తెలిసిందే. కాకతీయ తోరణం, చార్మినార్ ఉన్న గుర్తును చిత్రకారుడు ఏలే లక్ష్మణ్ గీశాడు. 2014 జూన్ 2న రాష్ట్రంతో పాటే వచ్చింది. 2024 ఫిబ్రవరిలో కొత్త ప్రభుత్వం రాచరికపు ఆనవాళ్లున్నాయని మార్చాలని నిర్ణయించింది. రుద్ర రాజేశం కొత్త నమూనాలు గీశాడు. మే నెలాఖరుకు గొడవై వాయిదా పడింది. తోరణం ఉండాలా, చార్మినార్ ఉండాలా అని టీవీల్లో కొట్టుకున్నారు. ఆ తోరణానికి రాయి మోసినవాళ్ల గురించి ఏ పార్టీ వాళ్లూ మాట్లాడలేదు. అలవాటే.

నాకు మాత్రం అంతకుముందు గుర్తు మీద మనసు. నా కులం సర్టిఫికెట్ మీద ఉన్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముద్ర, దాని నడుమ పూర్ణఘటం. 2018లో ఆంధ్రప్రదేశ్ దాన్నే అమరావతి శిల్పం చూసి కొత్తగా గీయించుకుంది. అమరావతి స్తూపం దగ్గర దొరికిన ఒక ప్రాకృత శాసనం ఉంది. అందులో ఒక మనిషి తన పని దాచుకోకుండా చెప్పుకున్నాడు, చమ్మకారుడు అని. తోలు పనివాడు. పేరు విధికుడు. ఉపాధ్యాయుడు నాగుని కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగునితో, బిడ్డలతో, చుట్టాలతో, మిత్రులతో కలిసి ఒక పలకను దానం చేశాడు. ఏ పలక? పూర్ణఘటం ఉన్న పలక!

నా కులం సర్టిఫికెట్ మీద ముద్రలో ఉన్న బొమ్మ దాదాపు 1,800 ఏళ్ల కింద ఒక తోలు పనివాని ఇంటిల్లిపాది కానుక కూడా. ఆనాటి చమ్మకారుడే నేటి మాదిగ అని గీత గీసి చెప్పను, చరిత్ర అంత సులువు కాదు. కానీ తండ్రి ఉపాధ్యాయుడు, కొడుకు తోలు పనివాడు, ఇద్దరి పేర్లూ రాతి మీద. మన పెద్దపల్లి జిల్లాలోనే ధూళికట్ట బౌద్ధ స్తూపం ఉంది, ఖని నుంచి పోయి చూసినవాళ్లు ఎంత మంది?

మే నెలలో కమిటీని మళ్లీ కూర్చోబెట్టాను. కాపీ లోగో తీసేశాం. ఆ విద్యాసంస్థకు క్షమాపణ ఉత్తరం రాశాం. పోటీ మళ్లీ పెట్టొద్దని, ఒకరినే అడగాలని, ముందే సగం పైసలియ్యాలని తీర్మానం చేశాం. కాపీరైట్ చట్టం 1957లో 57వ సెక్షన్ ఉంది. హక్కులన్నీ అమ్మేసినా ఇది నా పని అని చెప్పుకునే హక్కు చేసినవాని దగ్గరే ఉంటది. విజ్ఞాన్ భవన్ గోడ మీది తన శిల్పాన్ని పీకేసినందుకు అమర్‌నాథ్ సెహగల్ ప్రభుత్వం మీద కోర్టుకు పోయి 2005లో ఢిల్లీ హైకోర్టులో గెలిచింది దీని మీదనే. అందుకే రసీదు పుస్తకం వెనుక అట్ట మీద గీసినవారి పేరు వేయాలని కూడా రాసుకున్నాం. ఇద్దరు సభ్యులు ఒప్పుకోలేదు, జయంతికి పని చేస్తే పైసలేందని. వాళ్లతో వాదన ఇంకా నడుస్తోంది.

పని ఆ పిల్లవాడికే ఇచ్చాం. మూడు వేలు. అడ్వాన్సు ఇయ్యడానికి పోయినప్పుడు విధికుడి సంగతి చెప్పాను. నైట్ షిఫ్టు చేసి వచ్చి ఉన్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మొత్తం విన్నాడు.

"పలక ఇచ్చినాయన పేరుంది సార్. చెక్కినాయన పేరేంది?"

శాసనంలో లేదురా అన్నాను. వాడు నోట్లు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.