రెండోది ఉన్నదని ఎవలకెర్క!

మంటకు దగ్గరికి జరుగు బిడ్డా, పొగ దిక్కు మాత్రం కూసోకు. కడుపుల ఇద్దరున్నరాయె.

మా కాలంల ఇద్దరున్నరని ముందుగాల ఎవలకెర్క? మన నానక్‌రామ్‌గూడల గీ అద్దాల మేడలు లెవ్వు, రంగనాథస్వామి గుడి, సుట్టూత పొలాలు, బండరాళ్లు. పొట్ట పెద్దగుంటే నెలల లెక్క తప్పినవనేటోళ్లు. జంట అరటిపండు తిన్నదని అత్తలు దెప్పేటోళ్లు. గట్లయితే అరటితోటోళ్ల ఇండ్లల్ల అందరు కవలలే ఉండాలె!

మా యారాలుకు గట్లనే అయింది. మంత్రసాని ఆడపిల్లను తీసి, బొడ్డు కోసి, పాత చీరపేలికల సుట్టి నా చేతులల్ల పెట్టింది. మాయ పడుతదని కూసున్నది. పడకపాయె. పొట్ట మీద చెయ్యేసి చూసి, "ఇంకోటున్నదే" అన్నది. ముందుగాల చెయ్యి బయటికొచ్చింది, అడ్డం తిరిగింది పిల్ల. రాత్రికి రాత్రి కచ్చురం కట్టి పట్నం దవాఖానకు తోల్కపోయిన్రు. రెండోది దక్కలే. ఇద్దర్ని మోసి సాగిన గర్భసంచి జల్ది ముడుసుకోదట, నెత్తురు ఆగకపాయె. ఎట్లనో పానంతోటి బయటపడ్డది మా యారాలు. మొదటిది దోసెడంత పిల్ల. ఒంటికి ఒళ్లు తాకేటట్టు రొమ్ముకు కట్టుకొని సాదింది. ఇప్పుడు డాక్టర్లు గదే కంగారూ పద్ధతంటున్నరు.

కాన్పుల పోవుడు ఊర్లల్లనే అనుకోకు. నిజాం చిన్న కోడలు నిలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ గూడ 1949ల కాన్పులనే పోయింది. ఆ దుఃఖంతోటే రాణి పట్టుబడితే, 1953ల నిలోఫర్ దవాఖాన తెరిచిన్రు. వీణ-వాణి పెరిగింది గాడనే. మానుకోట దిక్కు బీరిశెట్టిగూడెం కవల పిల్లలు, 2003 అక్టోబర్ల తలలు కలిసి పుట్టిన్రు. ఒక్క పిండం ఆలస్యంగ చీలి, పూర్తిగ విడిపోకపోతే గట్లయితదట, శానా అరుదు. లండన్ డాక్టర్లు వచ్చి ఆపరేషన్ చెయ్యొచ్చన్నరు, ఢిల్లీ ఎయిమ్స్‌ల పానం మీదికొస్తదన్నరు. ఆపరేషన్ ఆగింది గని వాళ్ల సదువు ఆగలే, 2022ల ఇంటర్ పాసయిన్రు.

నీకు ముందుగాలనే ఎర్కయింది, గందుకే నీ మూడో నెల స్కానింగ్ కాయితం ఒకపారి మంచిగ చూడు. ఇద్దరికి మాయ ఒక్కటా, రెండా? ఒక్కటే అయితే ఒకరి నెత్తురు ఇంకొకరికి మళ్లుతదేమోనని నాలుగో నెల కాడికెల్లి పదిహేను రోజులకొకసారి చూస్తరు. రెండైతే గంత పరేషాన్ లేదు. కవలలల్ల సగానికి మీద 37 వారాలు నిండకముందే పుడుతరు, సంచి ముందుగాలనే సదిరిపెట్టుకో. తలనొప్పి తగ్గకున్నా, కండ్ల ముంగట మెరుపులొచ్చినా, మొఖం ఉబ్బినా బీపీయే కావచ్చు, రేపు సూద్దామనకు. దవాఖాన పక్కనే ఉన్నదని ధీమా వద్దు. సాయంత్రం గీ ఆఫీసులన్ని ఇడిస్తే మన రోడ్ల కారు కచ్చురం కన్న మెల్లగ పోతది!

అరే, చాయ్ అప్పుడే తాగకు. ఐరన్ గోలీ ఇప్పుడేగా ఏసుకున్నది? గంట ఆగు.