కత్తెరకు ముందటి రూపకల్పన: కోనసీమ మగ్గం, పురుషవస్త్రం

తెలుగులో వస్త్రచరిత్రకు సాహిత్యాధారాలు తక్కువేమీ కావు. పాల్కురికి సోమన బసవపురాణంలో వస్త్రభేదాల పేర్లను బారులు తీర్చాడు. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సురవరం ప్రతాపరెడ్డి అటువంటి ఆధారాలతోనే పూర్వుల వేషభూషలను చిత్రించాడు. ఆ పేర్లకు అర్థం నిర్ణయించడం ఎంత అవసరమో, ఆ గుడ్డ ఏ ఆలోచనతో నేయబడిందో తెలుసుకోవడం కూడా అంతే అవసరం. 2007లో కేట్ ఫ్లెచర్ ప్రచారంలోకి తెచ్చిన ‘స్లో ఫ్యాషన్’ అనే భావన ఈ రెండో ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది. తక్కువ వస్త్రం, ఎక్కువ మన్నిక, నేసినవానికి తగిన ప్రతిఫలం అన్నవి ఆ భావనలోని ముఖ్యాంశాలు. డిజైన్ విద్యార్థులు బృందాలుగా ఏర్పడి ఈ సూత్రాలతో పురుషుల దుస్తుల శ్రేణిని రూపొందించడం నేడు పాఠ్యక్రమంలో భాగమైంది. అటువంటి బృందం కోనసీమ మగ్గాన్ని ఎంచుకుంటే దానికి ఎదురయ్యే చరిత్ర ఏమిటన్నది ఇక్కడి పరిశీలనాంశం.

గౌతమీ వసిష్ఠల నడుమ సముద్రం వరకు పరచుకున్న ఈ లంకనేలను కొబ్బరితోను, వరితోను గుర్తించడం పరిపాటి. అమలాపురం చెంతనున్న బండారులంక, రాజోలు ప్రాంతపు మోరి మాత్రం మగ్గం వల్ల పేరు పొందిన ఊళ్లు. ఆ పేరు నేడు ప్రధానంగా నూలుచీరలది. పంచె, కండువా, తువ్వాలు ఆ ఖ్యాతిలో వెనుకవరుసన నిలిచాయి.

అయితే పురుషవస్త్ర రూపకల్పనను గురించి ఆలోచించడానికి పంచెను మించిన పాఠం లేదు. దాని కొలతలన్నీ మగ్గం మీదనే తేలిపోతాయి. అచ్చు వెడల్పును బట్టి నడుము నుంచి చీలమండ దాకా దిగే నిడివి ఏర్పడుతుంది. ఎనిమిది మూరలైతే గోచీ పోసి కట్టుకోవచ్చు. నాలుగు మూరలైతే అడ్డపంచె. పడుగులో అంచుకు రంగునూలు ఎక్కడ వేయాలో, జరీ ఎంత మేర ఉండాలో మొదటి పేకపోగు పడకముందే నిర్ణయమవుతుంది. నేత ముగిసిన తరువాత కత్తెరకు చేయవలసిన పని, ఒక పంచెను మరొక పంచె నుంచి విడదీయడం మాత్రమే. తొడుగుదుస్తులకు గుడ్డ కత్తిరించేటప్పుడు వృథా అయ్యే భాగాన్ని పరిశ్రమవర్గాలు సుమారు 15 శాతంగా చెబుతుంటాయి. పంచెలో ఆ లెక్కకే చోటు లేదు. పెళ్లిలో పెట్టిన పంచెలచాపు పాతబడి చిరిగితే తలగుడ్డగా, పసిబిడ్డ పొత్తిగుడ్డగా, చివరకు దీపపు వత్తిగా మారేది. దీనిని పర్యావరణస్పృహ అనడం కాలవిరుద్ధం. గుడ్డ ఖరీదైనది గనుక దానిని పొదుపుగా వాడుకున్నారు, అంతే.

జాతీయోద్యమం ఈ గుడ్డకు కొత్త అర్థం కల్పించింది. 1921లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ సంఘం 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో మదురైలో గాంధీ అంగీని విడిచి కొల్లాయి కట్టాడు. కోనసీమకు గౌతమి ఆవలనున్న కాకినాడలో 1923లో జరిగిన కాంగ్రెస్ మహాసభ అఖిల భారత ఖద్దరు మండలి ఏర్పాటుకు వేదికైంది. ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించక తప్పదు. ఖద్దరులో నూలు వడకడం, నేయడం రెండూ చేతిపనులే. చేనేతలో నేత చేతిది. నూలు సాధారణంగా మిల్లుది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడఎముకతో దూదిని శుభ్రపరచి 100 కౌంటు నూలు వడికే సంప్రదాయం మొదటి కోవకు చెందుతుంది. బండారులంక నేత రెండో కోవది. ఈ రెంటినీ కలిపేసి ‘సహజం’ అన్న ఒక్క మాటతో చీటీ అంటించే విద్యార్థిబృందం తన ప్రాజెక్టును పొరపాటుతోనే మొదలుపెడుతుంది.

చొక్కా, లాల్చీ వ్యాపించిన తరువాత పురుషవస్త్రం మగ్గం నుంచి దర్జీ బల్ల మీదికి మారింది. పంచె పండుగలకు, పెళ్లిళ్లకు పరిమితమైంది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద మొదట 22 రకాలు మరమగ్గాలకు నిషిద్ధమయ్యాయి. తరువాత ఆ సంఖ్య 11కు తగ్గింది. ధోవతి, లుంగీ, తువ్వాలు ఆ జాబితాలో ఇప్పటికీ ఉన్నాయి. చట్టం నేతను కాపాడవచ్చు గాని కట్టుకునేవారిని పుట్టించలేదు. 2009-10 గణన నాటికి దేశంలో 43.31 లక్షలుగా ఉన్న చేనేత పనివారు 2019-20 గణనలో 35.22 లక్షలకు తగ్గారు.

ఈ నేపథ్యంలో విద్యార్థిబృందం తీసుకోవలసిన మొదటి నిర్ణయం బొమ్మలపుస్తకంలో జరిగేది కాదు. పంచె పన్నాను చొక్కాకు సరిపెట్టాలా, చొక్కా కొలతకు తగిన పన్నాను నేయించాలా? మొదటి మార్గంలో కత్తిరింపే పంచె కొలతకు లొంగాలి. అంచును చేతిపట్టీగానో, ముందుపట్టీగానో నిలుపుకొని, నలుచదరపు ముక్కలతోనే తొడుగును కూర్చాలి. ఇది కొంత బిగుతైన పద్ధతే అయినా మగ్గాన్ని మార్చమని నేతకారుణ్ణి అడగదు. రెండో మార్గంలో అచ్చు మార్చాలి, పడుగు కొత్తగా తోడాలి. ఆ మార్పునకు పోయే పనిదినాల కూలి ఎవరు భరిస్తారన్న ప్రశ్న శ్రేణి ధరలో కనిపించకపోతే, నేతకారుని కుటుంబమే దానిని మోసిందని అర్థం. కండెలు చుట్టే స్త్రీల శ్రమకు విడిగా లెక్క కట్టని అలవాటు ఈ రంగంలో పాతదే గనుక అనుమానానికి తావు ఎక్కువ.

కాలం సంగతీ ఉంది. పడుగును వీధిలో సాగదీసి గంజి పట్టించడానికి ఎండ కావాలి. లంకనేలలో వానలు పట్టాయంటే వీధిపని ఆగిపోతుంది. గుంటమగ్గం గుంటలో నీరు ఊరితే లోపలి పనీ ఆగుతుంది. విద్యాసంవత్సరపు గడువులు ఈ వానలను ఎరగవు. పైగా ఒక్క నమూనా చొక్కా కోసం ఎవరూ పడుగు ఎక్కించరు. ఎక్కించిన పడుగు పూర్తయ్యేవరకు పంచె తరువాత పంచె నేయవలసిందే. కనుక బృందం నేతకారుని గుమ్మంలో మొదట అడగవలసినది రంగును గురించి కాదు, ఆ మగ్గం మీద ఇప్పుడున్న పడుగులో ఇంకా ఎన్ని మూరలు మిగిలి ఉన్నాయన్నది.