పొగను పసిగట్టే కావలి



విత్తనాల గురించి, ఎరువుల గురించి, తెగుళ్ళ గురించి మీరు ఎన్నో సంగతులు వింటూ ఉంటారు. ఈ రోజు చెప్పబోయేది పంట ఇంటికి చేరిన తరువాతి సంగతి. ఏడాది పొడుగునా చెమటోడ్చి పండించినది ఒక్క గడియలో బూడిద కావచ్చును. పంట పోతే వచ్చే కారుకు మళ్ళీ పండించుకుంటాము. మనిషి పోతే ఏ కారుకూ తిరిగిరాడు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు అని మన సామెత. ఆ బావిని ముందుగానే తవ్వుకోవడానికి మన పెద్దలు ఏం చేశారు, ఇతర దేశాల వాళ్ళు ఏం కనిపెట్టారు, ఇప్పుడు మనం ఏం చేయాలి? ఈ మూడు సంగతులూ వరుసగా చెప్పుకుందాము.

పిట్లం ప్రాంతమునే తీసుకోండి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడేవరకు ఇది నిజామాబాదు జిల్లాలోని ఊరు. దగ్గరలోనే మంజీర మీద 1923లో మొదలుపెట్టిన నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. ఆ నీటితో దిగువన వరి, చెరకు పెరిగాయి. వరి పెరిగితే గడ్డి పెరుగుతుంది, గడ్డివాములు పెరుగుతాయి. మెట్ట భూముల్లో పత్తి, కంది, సోయా వచ్చాయి. కంది కట్టె, పత్తి కట్టె వంటచెరకుగా ఇంటి వెనక్కి చేరాయి. సంపద పెరిగిన కొద్దీ ఇంటి చుట్టూ అంటుకునే సరుకు కూడా పెరిగిందన్న మాట.

వెనుకటి రోజుల్లో అగ్గిపెట్టె ప్రతి ఇంటా ఉండేది కాదు. రాత్రి వంట అయిన తరువాత ఇల్లాలు నిప్పు కణికలను బూడిదలో కప్పిపెట్టేది. తెల్లవారి పిడక ముక్క పెట్టి ఊదితే మళ్ళీ మంట లేచేది. ఆరిపోతే పొరుగింటికి పోయి నిప్పు అడిగి తెచ్చుకునేవారు. ఆ నిప్పును దారిలో ఎట్లా తేవాలో, గాలి వీచే వేళ ఎట్లా కాపాడాలో చిన్నపిల్లలకు కూడా నేర్పేవారు. గడ్డివామును ఇంటికి ఎడంగా వేసేవారు. కామదహనానికి ఇండ్లకు దూరంగా ఖాళీ స్థలం చూసుకునేవారు. ఎండాకాలం గాలి ఎక్కువగా ఉన్న రోజున పొద్దుండగానే వంట ముగించి పొయ్యి ఆర్పేవారు.

ఇక కావలి సంగతి. రాత్రిపూట ఊరి కావలికారు తిరిగేవాడు. ఎక్కడైనా పొగ కనిపిస్తే కేక వేసేవాడు, డప్పు మోగేది. ఊరంతా బిందెలు, బొక్కెనలు, తడిపిన గొంగళ్ళు పట్టుకుని పరుగెత్తేది. ఆ డప్పే ఆనాటి హెచ్చరిక గంట. అయితే దానికి ఒక లోపం ఉన్నది. పొగ ఇంటి బయటికి వచ్చి, ఒకరి కంట పడితేనే ఆ డప్పు మోగుతుంది. లోపల నిద్రపోయేవారికి అప్పటికే ఆలస్యం కావచ్చును.

పొగ మీద మన రాష్ట్రంలో జరిగిన మంచి పని ఒకటి ఇక్కడ గుర్తు చేసుకోవలెను. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో పనిచేసిన డాక్టర్ ఎస్.పి. రాజుగారు మట్టితోనే కట్టుకోగల పొగగొట్టం పొయ్యిని రూపొందించి, 1953లో ఇంగ్లీషులో దాని మీద పుస్తకం ప్రచురించారు. లక్షలాది ఇండ్లకు పొగలేని వంటిల్లు కావాలన్నది ఆయన ఉద్దేశము. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకాలు మొదలైన తరువాత గ్రామసేవకులు ఊళ్ళలో చెప్పిన సంగతుల్లో ఇటువంటి పొయ్యిలు కూడా ఉండేవి. తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకము, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకము వచ్చి గ్యాసు పొయ్యి పల్లెలకు చేరింది. ఆడవారి కండ్లకు, ఊపిరితిత్తులకు ఎంతో మేలు జరిగింది.

కాని నిప్పు ఇంటి నుంచి పోలేదు. రూపు మార్చుకున్నది. గ్యాస్‌నూనె బుడ్డి పోయి కరెంటు వచ్చింది, కట్టెల పొయ్యి పక్కన సిలిండరు వచ్చింది, ఆ తరువాత సెల్‌ఫోన్లు, ఇన్వర్టర్లు, మందు కొట్టే బ్యాటరీ పంపులు, బ్యాటరీ బండ్లు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదు పట్టణంలో ఒక ఇంట్లో రాత్రిపూట ఛార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి, అక్కడే నిద్రిస్తున్న ఎనభై ఏండ్ల పెద్దాయన ప్రాణం పోయింది. కొద్ది రోజులకే విజయవాడలో కూడా ఒక ఇంట్లో అటువంటి ప్రమాదమే జరిగి ఒకరు మరణించారు. 2025 మే 18న హైదరాబాదులో చార్మినారు దగ్గరి గుల్జార్ హౌజ్ ఇంట్లో తెల్లవారుజామున నిప్పంటుకుని 17 మంది పోయారు. అందులో 8 మంది పిల్లలు. ఇరుకు మెట్లు, ఒక్కటే దారి. అక్కడ మనుషులను ముంచినది మంటకంటె ఎక్కువగా పొగ.

ఈ ముక్క మనసులో పెట్టుకోండి. మంట కంటికి కనిపిస్తుంది, వేడి ఒంటికి తగులుతుంది. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడిని అది మేలుకొలపదు. పైగా మత్తులోకి దింపుతుంది. "కాలిన వాసన వస్తే లేవమా?" అని మీరు అనవచ్చును. గాఢ నిద్రలో ముక్కు పనిచేస్తుందని నమ్మకండి. చెవి మాత్రం గట్టి మోతకు లేస్తుంది. పొగను శబ్దంగా మార్చి చెవికి వినిపించే యంత్రమే స్మోక్ అలారం.

దాని పుట్టుక తమాషాగా ఉంటుంది. 1930ల చివరలో స్విట్జర్లాండులో వాల్టర్ యేగర్ అనే శాస్త్రవేత్త విషవాయువును కనిపెట్టే పరికరం కోసం పాటుపడ్డాడు. విషవాయువుకు అది చలించలేదు. విసుగు పుట్టి ఆయన సిగరెట్టు వెలిగిస్తే, ఆ పొగకు ముల్లు కదిలిందని చెప్తారు. తరువాత ఎర్నెస్ట్ మైలీ దానిని పనికివచ్చే యంత్రంగా తీర్చాడు. చాలాకాలం అది పెద్ద కర్మాగారాలకే పరిమితమైన ఖరీదైన వస్తువు. 1965 ప్రాంతంలో అమెరికాలో డ్యూయేన్ పియర్సల్, స్టాన్లీ పీటర్సన్ బ్యాటరీతో నడిచే ఇంటి అలారం తయారుచేశారు. 1970లలో అది సామాన్యుల ఇండ్లకు చేరింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడని మన సామెత. ఇక్కడ మాత్రం పొగ తాగేవాడి పొగే ఇండ్లను కాపాడే ఉపాయానికి దారి చూపింది.

ఇది ఎట్లా పనిచేస్తుందో పెంకుటింట్లో పుట్టినవారికి సులభంగా అర్థమవుతుంది. పెంకుల సందులోంచి ఎండ ఒక కిరణంగా చీకటి గదిలోకి దిగుతుంది. గదిలో దుమ్ము గాని పొగ గాని ఉంటేనే ఆ కిరణం కంటికి కనిపిస్తుంది. ఇప్పుడు ఎక్కువగా దొరికే రకం అలారంలో అదే ఏర్పాటు. చిన్న చీకటి గది, అందులో ఒక వెలుగు, పక్కన ఒక కన్ను. పొగ దూరితే వెలుగు చెదిరి కంటి మీద పడుతుంది, వెంటనే గంట మోగుతుంది. పరుపు, గోనె, పత్తి వంటివి మంట లేకుండా మెల్లగా రాజుకునేటప్పుడు ఈ రకము బాగా పనిచేస్తుంది.

పత్తి మాట వచ్చింది గనుక ఒక చరిత్ర చెప్పవలెను. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో పత్తి బేళ్ళు, పేలుడు సరుకు కలిపి ఉన్నాయి. మధ్యాహ్నం పత్తిలోంచి పొగ కనిపించింది. నీళ్ళు కొట్టారు, కాని లోపల రాజుకున్నది ఆరలేదు. సాయంత్రం 4 గంటలు దాటాక ఓడ పేలింది. వందలమంది చనిపోయారు, వారిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. వారి స్మారకంగానే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతున్నారు. మన దగ్గర యాసంగి కోతలు, కొత్త గడ్డివాములు కూడా ఆ రోజుల్లోనే.

ధర కోసం ఎదురుచూస్తూ పత్తిని పడుకునే గదిలో అటక దాకా నింపుకునే ఇండ్లు మన పల్లెల్లో ఎన్ని లేవు! ఆ కుప్ప పక్కనే స్విచ్‌బోర్డు, దానికే సెల్‌ఫోను ఛార్జరు, కింద చాప మీద పిల్లలు. ఇది మానవలెను. వేరే గది లేకపోతే ఆ గదిలో కరెంటు పాయింటు వాడకుండా, బీడీ వెలిగించకుండా, మనుషులు పడుకోకుండా చూడండి. అలారం అందులో తప్పక పెట్టండి.

అలారం కొన్నంత మాత్రాన పని తీరదు. అది ఎద్దు వంటిది. మేపకపోతే పనికి రాదు. పాశ్చాత్య దేశాల్లో కూడా ఇల్లు కాలినప్పుడు అలారం ఉండి మోగని సందర్భాలు ఎన్నో జరిగాయి. ఎక్కువభాగం కారణం ఒక్కటే: బ్యాటరీ అయిపోయింది, లేదా మోత భరించలేక ఎవరో తీసేశారు. కాబట్టి ఈ పద్ధతి పాటించండి.

పొగ పైకి పోతుంది గనుక అలారం పైకప్పుకు బిగించండి. పెంకుటింట్లో కొప్పుకు దగ్గరగా ఉండాలి గాని, సరిగ్గా కొప్పు మూలలో ఇరికించవద్దు. అక్కడ గాలి ఆడదు. పడుకునే గదిలో ఒకటి, గది బయట ఒకటి, మేడ ఉంటే పై అంతస్తులో ఒకటి ఉండటం మంచిది. ఒక్కటే కొనగలిగితే పడుకునే చోటికి పెట్టండి. వంట పొయ్యికి పది అడుగులైనా ఎడం ఉంచండి, లేకపోతే పోపు పెట్టినప్పుడల్లా మోగి విసుగు పుట్టిస్తుంది. పశువుల కొట్టంలో దుమ్ము వలన ఈ యంత్రం నిలవదు.

నెలకు ఒకసారి బొత్తాము నొక్కి మోత వినండి. అమావాస్య గుర్తు పెట్టుకున్నా సరే, జీతం రోజు గుర్తు పెట్టుకున్నా సరే. ఆ పని ఇంట్లో చదువుకునే పిల్లకు అప్పగించండి, మరచిపోదు. మార్చే బ్యాటరీ అయితే ఏడాదికి ఒకసారి, ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు మార్చండి. అప్పుడే మెత్తని బ్రష్షుతో దుమ్ము, బూజు తుడవండి. సున్నము, రంగు దాని మీద పడనీయవద్దు. నిమిషానికోసారి "కిచ్" మని అరుస్తున్నదంటే బ్యాటరీ అడుగుతున్నదన్న మాట. పదేండ్లు దాటిన యంత్రాన్ని తీసేసి కొత్తది పెట్టండి. ఒక సంగతి మరవకండి: ఇది గ్యాసు లీకును పట్టదు. గ్యాసు గాలికంటె బరువు, నేలబారుగా పాకుతుంది. వాసన వస్తే రెగ్యులేటరు మూసి, తలుపులు తీసి, స్విచ్చు వేయకుండా, ఆర్పకుండా బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి.

గంట మోగిన తరువాత ఏం చేయాలి? భారతంలో లక్క ఇల్లు అంటుకున్నప్పుడు పాండవులు బ్రతికినది బలంతో కాదు. విదురుడు ముందుగా హెచ్చరించాడు, తవ్వేవాడిని పంపించాడు, సొరంగం సిద్ధమైంది, దారి అందరికీ తెలుసు. మన ఇంటికీ అంతే. ఈ రాత్రి అన్నం తిన్న తరువాత అందరూ కూర్చొని మాట్లాడుకోండి. ప్రతి గదికి రెండు దారులు ఏవి? వెనుక తలుపుకు తాళం వేస్తే చెవి ఎక్కడ? కిటికీ ఊచలు తెరుచుకుంటాయా? మంచం పట్టిన అవ్వను ఎవరు లేపుకొస్తారు? పసిపిల్లను ఎవరు ఎత్తుకుంటారు? బయటికి వచ్చి ఏ చెట్టు కింద చేరుతారు? అక్కడ తలలు లెక్కపెట్టండి. పొగ ఉంటే వంగి, నేలకు దగ్గరగా పాకుతూ రావలెను. బంగారం కోసం, పాసుపుస్తకం కోసం తిరిగి లోపలికి పోవద్దు.

బయటికి రాగానే 101కి గాని 112కి గాని ఫోను చేసి ఊరు, వాడ, దారి గుర్తు చెప్పండి. ఫైరింజను రావడానికి సమయం పడుతుంది. ఆలోగా పొలం మోటరు నీళ్ళు ఉపయోగపడవచ్చును గాని, కరెంటు తీయనిదే తీగల మీద నీళ్ళు పోయవద్దు. బట్టలు అంటుకుంటే పరుగెత్తవద్దు, నేల మీద దొర్లండి. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని నీళ్ళు పోయండి. సిరా, పేస్టు పూయకుండా 108ని పిలవండి.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. రైతుల సమావేశంలో పది నిమిషాలు ఈ పనికి ఇవ్వండి. ఒక అలారం వెంట తీసుకుపోయి బొత్తాము నొక్కి వినిపించండి. దగ్గరి అగ్నిమాపక కేంద్రం ఫోను నంబరు పంచాయతీ గోడ మీద రాయించండి. మహిళా సంఘాలతో మాట్లాడండి. ఇల్లు చక్కబెట్టేది వారే.

మన పెద్దలు నిప్పును బూడిదలో కప్పి, ఊరికి కావలి పెట్టి పడుకున్నారు. ఈ రోజుల్లో నిప్పు తీగలో ఉన్నది, బ్యాటరీలో ఉన్నది, సిలిండరులో ఉన్నది. కావలికారు మాత్రం ఊళ్ళో లేడు. ఆ కావలిని ఇంటి కప్పుకు కట్టుకుని, నెలకోసారి పలకరించి, నిశ్చింతగా నిద్రపోదాము.