సెన్యాల్: ఒక మాట, రెండు జమానాలు

ఉర్దూ మీడియం స్కూల్లో నేను "నక్కో" అంటే ఉస్తాద్ "నహీ చాహియే బోలో" అని సరిచేసేవారు. క్లాసంతా నవ్వేది. ఇంటికెళ్తే అమ్మీ, నానీ మళ్లీ నక్కోనే. అప్పటి శరం ఇంకా యాదికుంది. అందుకే దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆక్సితాన్ జబాన్ తారీఖ్ చదువుతుంటే నాకు పరాయిదనిపించలేదు.

ఆ జబాన్‌లో సెన్యాల్ అంటే గుర్తు. 12వ సదీలో అక్కడి షాయర్లను త్రుబదూర్లు అనేవారు. పాటలో మాషూకా అసలు పేరు వస్తే బద్‌నామీ. అందుకని ఆమెకో మారుపేరు పెట్టేవారు. అదే సెన్యాల్. మన గజల్ మక్తాలో తఖల్లుస్ వచ్చినట్టు, వాళ్ల పాట చివరి చిన్న చరణంలో తరచుగా అది వినిపించేది. తేడా ఏమిటంటే మన షాయర్ తన పేరు చెప్పుకుంటాడు, వాళ్లు ఆమె పేరు దాచారు. ఈ షాయరీ అందలుస్ అరబీ పాటల నుంచే పుట్టిందని మనవాళ్లు కొందరు ఖుషీగా చెప్తుంటారు. పొరుగున అందలుస్ ఉన్నమాట నిజమే గానీ ఆ బహస్ ఇంకా తెగలేదు. నేను జిద్దు చేయను.

దాదాపు 2,500 పాటలు కాగితం మీద మిగిలాయి. తర్జ్ దొరికింది అందులో పదో వంతుకే. ఆడవాళ్లూ రాశారు. కానీ తర్జ్‌తో సహా దక్కిన ఆడ షాయర్ పాట ఒక్కటే, దియా కౌంటెస్‌ది.

1209లో పోప్ పిలుపు మీద ఉత్తరాది ఫౌజులు దిగాయి. బెజియె నగరంలో కత్లేఆమ్ జరిగింది. 20 ఏళ్ల జంగ్‌లో షాయర్లను పోషించిన దర్బార్లు చితికిపోయాయి. 1539లో సర్కారీ దస్తావేజులన్నీ ఫ్రెంచ్‌లోనే ఉండాలని రాజు ఫర్మానా ఇచ్చాడు. అయినా ఇళ్లల్లో, పొలాల్లో జబాన్ చావలేదు.

దాన్ని నిజంగా కుంగదీసింది బడి. 19వ సదీలో బడిలో ఆక్సితాన్ మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కముక్కో, పాత చెప్పో వేలాడదీసేవారు. వదిలించుకోవాలంటే ఇంకో పిల్లవాణ్ణి పట్టివ్వాలి. సాయంత్రానికి ఎవరి దగ్గరుంటే వాడికి సజా. బచ్చాలే ముఖ్బిర్లయ్యారు. ఆ చెక్కముక్క పేరేమిటో తెలుసా? సెన్యాల్. మొహబ్బత్‌లో పేరు దాచిన మాటే బడిలో జిల్లత్‌కు పేరైంది. దీన్ని నేను రెండుసార్లు చదివాను.

విచిత్రం చూడండి, బడుల్లో ఆ శరం నడుస్తుండగానే 1904లో ఇదే జబాన్‌లోని ప్రొవెన్సాల్ బోలీలో రాసిన ఫ్రెదెరిక్ మిస్త్రాల్‌కు నోబెల్ వచ్చింది.

పాట మాత్రం ఎవరి ఇజాజత్ అడగలేదు. 1980లలో మార్సెయ్ కుర్రాళ్లు 'మసీలియా సౌండ్ సిస్టమ్' పెట్టి ఇదే జబాన్‌లో రెగే పాడారు. 'సె కాంతో' అనే పాత జానపదం రగ్బీ మైదానాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ అలా గొంతు కలిపేవాళ్లలో చాలామందికి ఆ పాట దాటి జబాన్ రాదు. నానీలు మాట్లాడారు, అమ్మీలు అర్థం చేసుకున్నారు, బచ్చాలకు పాట దక్కింది.

బడి పోగొట్టినదాన్ని మళ్లీ బడిలోనే వెతుక్కుంటున్నవాళ్లూ ఉన్నారు. 1980 ప్రాంతంలో పో నగరంలో తల్లిదండ్రులు, టీచర్లు కలిసి 'కలాంద్రెతా' అనే బడి తెరిచారు. అందులో తాలీమ్ ఆక్సితాన్‌లోనే. అలాంటివి ఇప్పుడు దక్షిణమంతా ఉన్నాయి. ఇక స్పెయిన్ వైపున్న ఆరాన్ లోయలో పిల్లలు మామూలు సర్కారీ బడిలోనే ఈ జబాన్ నేర్చుకుంటారు. 2006 నుంచి కాటలోనియా అంతటా దీనికి సర్కారీ హోదా ఉంది. ఆ లోయ జనాభా మొత్తం కలిపి దాదాపు 10,000.