మాడ్రిడ్ నగరంలో మజ్రీత్ ఆనవాళ్లు

స్పెయిను వెళ్లే ముస్లిం యాత్రికులు ఖుర్తుబా మస్జిదును, గర్నాతా నగరంలోని అల్‌హమ్రాను చూడకుండా తిరిగిరారు. కాని రాజధాని మాడ్రిడ్‌లో ఒకటి రెండు చిత్రశాలలు చూసి దక్షిణానికి సాగిపోతారు. ఆ రాజధానిని నెలకొల్పినవారు ముస్లింలేనన్న సంగతి చాలామందికి తెలియదు.

ఖుర్తుబాను పాలించిన ఉమవీ అమీరు ముహమ్మద్ బిన్ అబ్దుర్రహ్మాన్ (హి. 238–273, క్రీ.శ. 852–886) తులైతులా, అనగా నేటి టోలెడోకు వెళ్లే దారులను కాపాడడానికి మన్సనారెస్ నది పక్కనున్న గుట్టపై ఒక కోట కట్టించాడు. అదే మజ్రీత్. అంతకు ముందు అక్కడ చిన్న పల్లె ఏదైనా ఉంటే ఉండవచ్చు, పట్టణమన్నది మాత్రం ఈ కోటతోనే మొదలైంది. నీటి కాలువ అనే అర్థంగల ‘మజ్రా’ అనే అరబీ పదం నుండి ఆ పేరు వచ్చిందని పలువురు పండితుల అభిప్రాయం.

1561లో రెండవ ఫిలిప్ తన ఆస్థానాన్ని ఇక్కడికి మార్చాడు. క్రైస్తవ సామ్రాజ్యపు రాజధానికి ఒక ముస్లిం అమీరు మూలపురుషుడు కావడం ఆస్థాన చరిత్రకారులకు మింగుడుపడలేదు. గ్రీకు వీరులను, రోమను కాలపు ఊళ్లను తెచ్చి నగరానికి కొత్త వంశవృక్షం అల్లారు. రాళ్లు చెప్పే సాక్ష్యం మరొకటి.

అల్ముదేనా కథీడ్రల్ వెనుక, కుయెస్తా దె లా వెగా అనే వాలుదారి పక్కన ఆ కోటగోడ ఇప్పటికీ నిలిచి ఉంది. అడుగున పెద్ద చెకుముకి రాళ్లు, పైన సున్నపురాయి, మధ్య మధ్య నలుచదరపు బురుజులు. 1953లో ఒక పాత భవనాన్ని పడగొట్టినప్పుడు బయటపడిన ఈ భాగానికి మరుసటి ఏడాది చారిత్రక కట్టడంగా రక్షణ లభించింది. పక్కనున్న ఉద్యానవనానికి అమీరు ముహమ్మద్ పేరే పెట్టారు. రాజభవనం చెంత 2023లో తెరచిన రాజ సేకరణల ప్రదర్శనశాలలోనూ ఇదే గోడ ముక్క ఒకటి కనిపిస్తుంది.

నగర రక్షకురాలైన మర్యమ్ మాత విగ్రహం గురించి అక్కడొక గాథ ఉంది. ముస్లింలు రాకముందే దానిని కోటగోడలో దాచారని, 1085లో ఆరవ అల్ఫోన్సో వచ్చాక అది దొరికిందని చెబుతారు. భక్తుల విశ్వాసం వారిది. అయితే ఆ గోడను కట్టినవారే ముస్లింలు. ‘అల్ముదేనా’ అన్న పేరు కూడా కోటకు చెప్పే అరబీ పదం ‘అల్‌ముదైనా’యే. మస్జిదు ఉండిన చోట వెలసిందని చెప్పే పాత సాంత మరియా చర్చిని 1868లో కూల్చివేశారు. దాని పునాదులను నేడు అల్ముదేనా వీధిలో అద్దం కింద చూడవచ్చు.

ఇంతకంటె వింత ఓరియెంతె మైదానం కింద ఉంది. అక్కడ కార్లు నిలిపే భూగర్భశాలలో 11వ శతాబ్దపు ముస్లిం కావలి బురుజు అడుగుభాగాన్ని భద్రపరిచారు. కాస్త దూరంలో సాన్ నికొలాస్ చర్చి గోపురం మీద ఇటుక తోరణాలున్నాయి. అది 12వ శతాబ్దపు ముదెహర్ పనితనం, అనగా క్రైస్తవ పాలనలో ఉండిపోయిన ముస్లింల శైలి.

ఈ ఊరు ఒక గొప్ప విద్వాంసుణ్ణి కూడా ఇచ్చింది. మస్లమా అల్‌మజ్రీతీ (మరణం సుమారు హి. 398) ఖుర్తుబాలో స్థిరపడి, అల్‌ఖ్వారిజ్మీ ఖగోళ పట్టికలను ఆ నగర రేఖాంశానికీ హిజ్రీ పంచాంగానికీ సరిదిద్దాడు. ఆ పాఠమే 12వ శతాబ్దంలో లాటినులోకి వెళ్లి యూరపు చేతికందింది.

అల్ఫోన్సో వచ్చాక కూడా ముస్లింలు నాలుగు శతాబ్దాలకు పైగా ఇక్కడ బ్రతికారు. 1502 నాటి ఆజ్ఞ వారిని మతం మార్చుకోవడమో, దేశం విడవడమో తేల్చుకోమన్నది. వారి పేటకు మొరెరియా అన్న పేరు నేటికీ నిలిచింది. ఆ దాపునే టోలెడో వీధిలో జరిపిన తవ్వకాలలో వారి ఖబ్రస్తాన్ బయటపడింది. మృతులను కుడిపక్కకు ఒత్తిగిలించి, ముఖాలు ఆగ్నేయానికి, ఖిబ్లా దిక్కుకు తిప్పి ఖననం చేశారు.